రెండు గిన్నెల ఎర్రనీళ్లు

డబ్బా మూత తీసేసరికి లోపల నాలుగు సీసాలే ఉన్నాయి. పొద్దున వనిత పెట్టినవి ఐదు.

మూత చేత్తో పట్టుకునే మళ్లీ లెక్కపెట్టింది. అడుగున నల్ల కవర్లో చుట్టినవి మూడూ ఉన్నాయి. వాటి మీద పక్కపక్కన పడుకోబెట్టిన తేటనీళ్ల సీసాలు రెండింటిలో ఒకటి లేదు. మిగిలి ఉండాల్సిన ఐసూ లేదు. కరిగిన నీళ్లు మాత్రం బెత్తెడు లోతున నిలిచాయి. ఆ నీళ్లలో కాగితం చీటీ ఒకటి ఊడిపోయి, నీలంగా నాని, తేలుతోంది.

మిగిలిన తేటనీళ్ల సీసాను పైకి తీసింది. దాని చీటీ ఇంకా అంటుకునే ఉంది. చీటీ మీద రాత లేదు. నీలం మరక ఉంది.

"జల్ది పెట్టుకో బిడ్డా, నా చేతులు కొంకర్లు వోతున్నయి" అన్నాడు వెనకనుంచి ఆటో నడిపే మక్బూల్. అతని చేతుల్లో గోనెసంచిలో చుట్టిన ఐసుగడ్డ ఉంది. దాని కోసమే ఇద్దరూ రెండు గంటలు సిరిసిల్ల బజారంతా తిరిగొచ్చారు. గనుల్లో సమ్మె, కరెంటు కోత, ఐసు ఫ్యాక్టరీకి తాళం. చివరికి చేపలమ్మే రషీదాబీ తన పెట్టెలోంచి సగం గడ్డ కొట్టి ఇచ్చింది.

వనితకు అతని మాట వినబడలేదు. పోయిన సీసా ఏది? ఆమె తలలో ఉన్నది ఆ ఒక్క ప్రశ్నే.

రెండూ ఒకే బోరింగు నీళ్లు. ఒక సీసాలో ఉత్త నీళ్లు. రెండోదాంట్లో ఆసిడ్ కలిపింది, డ్రాపర్ నిండా రెండుసార్లు. నీళ్లలో ఉన్న లోహాలు సీసా గోడలకు అంటుకుపోకుండా ల్యాబు దాకా నిలవాలంటే అలా కలపాలి. గాటు ఆసిడ్. చేతికి తగిలితే తోలు పసుపురంగుకు తిరుగుతుంది. వనిత చూపుడు వేలి మీద ఆ మచ్చ నెల కిందటిది ఇంకా పోలేదు. కలిపాక మాత్రం రెండూ ఒకటే రంగు, ఒకటే తేట. కళ్లతో చూసి విడదీయడం ఎవరివల్లా కాదు. విడదీసి చెప్పాల్సిన రాత ఐసునీళ్లలో కరిగిపోయింది.

చీటీ మీద పెన్సిల్‌తోనే రాయాలని పనిలో పెట్టుకున్న కాలేజీ సారు మొదటిరోజే చెప్పాడు. తడిసినా పెన్సిల్ రాత పోదు. వనిత పెన్నుతో రాసింది. పెన్సిల్ రాతైతే ఎవరైనా చెరిపి ఇంకోటి రాస్తారనీ, ఈ నీళ్లు ఆ బోరింగువే కావని తర్వాత వాదిస్తారనీ ఆమె భయం.

"సత్తెవ్వా" అని పిలిచింది. "సత్తెవ్వా, గీ డబ్బలకెల్లి సీస ఎవలు తీసిన్రు?"

నిరాహార దీక్ష శిబిరంలో మెడలో బంతిపూల దండతో కూర్చున్న సత్యవ్వ దండ తీసి పక్కన పెడుతూ చెప్పింది. "గా సల్లనీళ్ల సీసనా? బుచ్చవ్వకిచ్చిన్రు గదనే. పెద్దమనిషని నిమ్మరసం గండ్లనే కలిపిండు గోవర్ధను. మాకేమో మట్టి రంజన్ల నీళ్లు. ఐసు మాత్రం అందరం పంచుకున్నం, నీ పున్నెమా అని."

"ఎంత తాగింది?"

"సీసెడు తాగింది. పొద్దటిసంది ఉపాసమాయె."

* * *

అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజు. బస్సులు లేవు, బడుల్లేవు, ఆఫీసులకు తాళాలు. దసరా పోయి నాలుగు రోజులైనా ఎవరి ఇంట్లోనూ పండుగ జరిగినట్టు లేదు. సిరిసిల్ల ఊరి చివర, వాగొడ్డు కాలనీ మలుపులో వేసిన టెంటు కింద దినానికో కులం, దినానికో పని చేసేవాళ్లు రిలే నిరాహార దీక్షకు కూర్చుంటున్నారు. ఆ రోజు వంతు బీడీలు చేసే ఆడవాళ్లది. పొద్దున పదింటికి బొట్టు పెట్టి, దండ వేసి కూర్చోబెడతారు. నాలుగింటికి నిమ్మరసం ఇచ్చి లేపుతారు.

వనితది కథలాపూర్ పక్క పల్లె. తండ్రి కిష్టయ్య కూలి పనికి పోతాడు. కోరుట్లలో బీఎస్సీ చదివింది. జగిత్యాలలో ఒక కాలేజీ సారు వాగుల నీళ్ల మీద పరిశోధన చేస్తుంటే ఆయన దగ్గర పనికి కుదిరింది. నెలకొకసారి సిరిసిల్ల రావాలి. బట్టలకు రంగులద్దే డైయింగు షెడ్లకు ఎగువన ఒక సీసా, షెడ్డు మోరీ వాగులో కలిసే చోట ఒక సీసా, దిగువన ఒక సీసా, కాలనీ బోరింగులో రెండు. ఐసులో పెట్టి మర్నాటి పొద్దుకల్లా జగిత్యాల చేర్చాలి. ఆలస్యమైతే ఆ నీళ్లు లెక్కకు రావు.

షెడ్డులో ఏ రంగు ఎక్కువ నడిస్తే వాగు ఆ రంగు పారుతుంది. ఆ రెండు నెలలూ గులాబీ రంగు పారింది. ఊరూరా కండువాలు కావాలి, జెండాలు కావాలి. షెడ్డు రాత్రింబవళ్లు నడిచింది. వాగును చూసి మురిసిపోయినవాళ్లూ ఉన్నారు. అలాంటప్పుడు ఆ మోరీ దగ్గర సీసా పట్టుకుని వంగిన పిల్ల ఎవరి మనిషి అవుతుంది? పోయిన నెల ఇద్దరు మనుషులు బండి మీద వచ్చి అదే అడిగారు. "ఎవలు పంపిన్రే నిన్ను? హైదరాబాదోళ్లా, ఆంధ్రోళ్లా?" అని. సీసాలు రాళ్ల మీద వేసి పగలగొట్టారు. మక్బూల్ ఆటో అద్దం కూడా పగిలింది. "ఇంకోసారి కనవడ్తె సీసల్లో నిన్నే నింపి పంపుతం" అన్నాడు అందులో ఒకడు, నవ్వుతూనే.

అందుకే ఈసారి పొద్దున్నే తెల్లారకముందే వచ్చి వాగునీళ్ల సీసాలు నింపి, నల్ల కవర్లో చుట్టి అడుగున పెట్టింది. బోరింగు సీసాలు పైన పెట్టింది. రోడ్డు మీద మొద్దులు తీసేదాకా కదిలే వీల్లేదు, మధ్యాహ్నానికి ఐసు కరగడం మొదలైంది. ఎండలో డబ్బా వెంట తిప్పుకుంటే ఉన్నదీ పోతుంది. నీడ ఉన్నది టెంటు కిందే. అక్కడ గోవర్ధన్ ఉన్నాడు.

గోవర్ధన్ కాలనీ మనిషే. శిబిరం భారమంతా అతనిది. మైకు, టెంటు, రిజిస్టరు అన్నీ అతనే చూస్తాడు. మామూలు రోజుల్లో డైయింగు షెడ్డులో గుమస్తా. ఆ టెంటు కూడా షెడ్డు సేటు వేయించిందే.

"ఏమున్నయి చెల్లె డబ్బల?" అని అడిగాడు.

వనితకు పోయిన నెల పగిలిన సీసాలు కళ్లముందు ఆడాయి. "మంచినీళ్లే అన్నా" అంది. మూత కొంచెం ఎత్తి పైనున్న తేటనీళ్ల సీసాలు కూడా చూపించింది. "జర నీడకు వెట్టుకుంట, ఐసు దొరుకుతదేమో చూసస్త."

"పెట్టుకో. మంచినీళ్లకు గింత కాపలానా!" అని నవ్వాడు గోవర్ధన్.

నాలుగింటికి తల్లికి నిమ్మరసం కలిపేటప్పుడు ఆ మంచినీళ్లే గుర్తొచ్చాయి అతనికి. బుచ్చవ్వ గోవర్ధన్ కన్నతల్లి.

* * *

బుచ్చవ్వ టెంటు వెనక చాప మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. అరవై దాటిన మనిషి. బీడీలు చుట్టీ చుట్టీ వంకరపోయిన వేళ్లతో కడుపు పట్టుకుంది. గోవర్ధన్ అట్టముక్కతో విసురుతున్నాడు.

"ఏమైందన్నా?" అంది వనిత.

"ఏం లేదు చెల్లె, కడుపుల మంటంటున్నది. గొంతు సుత మండుతున్నదట."

ఆ మాటతో వనిత టెంటు గుంజ పట్టుకుంది. ఒక్క క్షణం ఆమెకు తోచిన ఆలోచన, డబ్బా తీసుకుని మక్బూల్ ఆటో ఎక్కి వెళ్లిపోవడం. ఎవరికీ ఏమీ తెలియదు. ముసలి మనిషి, ఉపవాసం, ఏదో అయిందనుకుంటారు. ఆ ఆలోచన నిజంగా వచ్చింది. పోలేదు కూడా. అది అలా ఉండగానే నోరు తెరిచింది.

"అన్నా, అవ్వ తాగినయి మంచినీళ్లు కావు."

అట్టముక్క ఆగింది.

"ఏమంటున్నవ్?"

"పరీక్షకు పట్టిన నీళ్లు. రెండు సీసలల్ల ఒకదాంట్ల ఆసిడ్ కలిపిన. అవ్వకు ఏది ఇచ్చిన్రో నాకు తెల్వది."

గోవర్ధన్ లేచాడు. ముందు అతనికి అర్థమైనట్టు లేదు. తర్వాత ముఖం నల్లబడింది. "ఆసిడా? మా అవ్వకు నేను నా చేత్తోని ఆసిడ్ పోసిన్నా?"

"తెల్వదన్నా. సగం సగం..."

"సగమేందే! తెల్వదేందే! మంచినీళ్లంటివి గద మధ్యాన్నం. నా మొకం సూసి సెప్పినవ్. మూత ఎత్తి సూపిచ్చినవ్!"

"నీకు భయపడే చెప్పిన."

"నాకా?"

"మీ షెడ్డోళ్లు పోయిన నెల సీసలు వలగ్గొట్టిన్రు. నువ్వు సుత ఆ షెడ్డు మనిషివే గదా."

గోవర్ధన్ చెయ్యి ఎత్తాడు. కొడతాడనే అనుకుంది వనిత. కళ్లు మూసుకుంది. దెబ్బ పడలేదు. కళ్లు తెరిచేసరికి అతను ఆ చేతిని తన నెత్తి మీదే పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

అప్పటికే ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. ఒకామె ఏడుపు ఎత్తుకుంది. ఒకామె వనిత జుట్టు పట్టుకోబోతే ఇంకొకామె ఆపింది. సత్యవ్వ గ్లాసులో గుప్పెడు ఉప్పు వేసి చేత్తో కలిపేస్తోంది. "లేపుండ్రి అవ్వను. తాపుండ్రి. కక్కితె అంత పోతది. ఎండ్రిన్ మందు తాగినోళ్లే బతికిన్రు గిట్ల."

"వద్దు!" వనిత అరిచింది. "కక్కియ్యద్దు సత్తెవ్వా. ఆసిడ్ అయితె పైకచ్చేటప్పుడు మళ్లొకసారి కాలుస్తది. సారు వందసార్లు చెప్పిండు."

"మరేం జెయ్యాలె? సూసుకుంట కూసుందామా?"

"దవాఖానకు తీస్కపోదాం. మక్బూల్ చాచా, ఆటో మళ్లుపు!"

మక్బూల్ అప్పటికే ఐసుగడ్డ కింద పడేసి ఉరికాడు. కానీ రోడ్డుకు అడ్డంగా మొద్దులు, రాళ్లు, కాలుతున్న టైర్లు. పొద్దున ఆ మొద్దులు వేయించింది గోవర్ధనే. ఇప్పుడు అతనే మైకులో "మొద్దులు తియ్యుండ్రి, జల్ది తియ్యుండ్రిరా" అని అరుస్తున్నాడు.

వనిత డబ్బా దగ్గరికి పరుగెత్తింది. ఆసిడ్ తెలిపే కాగితాల పుస్తకం డబ్బాలోనే ఓ మూలన పెట్టుకుంది. తీసి చూసింది. ఐసునీళ్లలో నాని, పేజీలన్నీ ఒకదానికొకటి అంటుకుని, ఒకే ముద్ద. చేతుల్లోనే చినిగింది.

దవాఖానలో డాక్టరు మొదట అడిగేది ఒకటే మాట. ఏం తాగింది? దానికి తన దగ్గర జవాబు లేదు. చేతిలో ఉన్న ఈ రెండో సీసాకు తెలుసు. అది ఉత్త నీళ్లయితే బుచ్చవ్వ కడుపులో ఉన్నది ఆసిడ్. ఇది ఆసిడ్ అయితే ఆమె బతికింది. సీసా మూత తీసి వాసన చూసింది. ఏ వాసనా లేదు. నాలుక మీద వేసుకుందామా అనుకుంది. వేలి మీది పసుపు మచ్చ కనబడింది.

పసుపు.

దీక్షకు కూర్చునేవాళ్లకు బొట్టు పెట్టే పళ్లెం టేబుల్ మీద ఉంది. అందులో పసుపు ఉంది.

"అవ్వా" అంటూ బుచ్చవ్వ పక్కన మోకాళ్ల మీద కూలబడింది. "నీ సున్నం డబ్బి ఏది?"

బుచ్చవ్వ కళ్లు తెరిచి చూసింది. "నేను సస్తుంటె నీకు ఆకూ వక్కా కావాల్నా?" అంది. అన్నది గానీ రొండిన దోపుకున్న డబ్బి తీసి ఇచ్చింది.

వనిత రెండు స్టీలు గిన్నెలు ముందు పెట్టుకుంది. రెండింట్లో చిటికెడు పసుపు, గోటి చివరంత సున్నం. కాసిని నీళ్లు పోసి వేలితో కలిపింది. రెండు గిన్నెల్లోనూ నీళ్లు ఎర్రగా, కుంకుమ రంగుకు తిరిగాయి.

"దిష్టి తీస్తున్నదే పిల్ల" అంది ఎవరో. "గిప్పుడు దిష్టి తీస్తె ఏమైతది? దవాఖానకు తీస్కపోకుంట!"

"తియ్యనియ్యి, తియ్యనియ్యి" అంది ఇంకో ముసలామె. "పొద్దుగాల్నుంచి అందరి కండ్లు బుచ్చవ్వ మీదనే ఉండె."

దిష్టి కాదని చెప్పే ఓపిక వనితకు లేదు. సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. ఆసిడ్ తగిలితే ఆ ఎరుపు విరిగి మళ్లీ పసుపు అవుతుంది. పుట్టిన ప్రతి ఆడపిల్లా ఈ ఎర్రనీళ్లు కలపడం ఎరుగును. విరగ్గొట్టడమే ఆమె కాలేజీలో నేర్చుకున్నది.

"రంజన్ల నీళ్లు ఏడియి?" అని అడిగింది.

"ఏడియేంది? బోరింగియే. నేనే తెచ్చి నింపిన" అంది సత్యవ్వ.

మొదటి గిన్నెలో రంజన్ నీళ్లు మూడు మూతలు పోసింది. ఎరుపు కొంచెం పలచబడింది, అంతే. ఇక రెండో గిన్నె. సీసా వంచి మూతలోకి నీళ్లు పోస్తుంటే సగం నేల మీద పడ్డాయి. మూత నేల మీద పెట్టి మళ్లీ పోసింది. ఒక మూత.

ఎరుపు అలాగే ఉంది.

"ఏమైంది?" అన్నాడు గోవర్ధన్. మైకు వదిలేసి ఎప్పుడొచ్చాడో, పక్కనే కూర్చుని ఉన్నాడు. "ఏం గావాలె ఇప్పుడు?"

"పసుపు గావాలె అన్నా. పసుపు రంగు అయితె అవ్వకేం గాదు."

"కాకపోతె?"

వనిత రెండో మూత పోసింది. గిన్నె కదిలించింది. ఎరుపు. కళ్లకు నీళ్లు అడ్డం పడుతుంటే అదే రంగో కాదో కూడా తెలియలేదు. సున్నం ఎక్కువ వేశానేమో అనుకుంది. ఎక్కువ వేయలేదేమో, ఇవి ఉత్త నీళ్లేనేమో అని కూడా అనుకుంది. బయట ఆటో ఇంజను మోగుతోంది. "తొవ్వ అయింది, తీస్కరాండ్రి!" అని మక్బూల్ అరుస్తున్నాడు.

మూడో మూత పోసింది. అంచు దగ్గర ఎరుపు విడిపోయింది. పాలు విరిగినట్టు కాదు, పొగమంచు పోయినట్టు మెల్లగా. వేలు పెట్టి తిప్పింది. గిన్నెడు నీళ్లూ లేత నిమ్మపండు రంగుకు తిరిగాయి. పక్క గిన్నె ఇంకా ఎర్రగానే ఉంది.

"ఆసిడ్ సీస ఇదే!" వనిత ఏడుస్తూ చెప్పింది. "ఇది నా చేతులనే ఉన్నది. అవ్వ తాగినయి ఉత్త నీళ్లు. ఉత్త బోరింగు నీళ్లు."

* * *

కాసేపు అక్కడ అందరూ ఒకేసారి మాట్లాడారు. ఎవరో నవ్వారు, ఎవరో వనితను తిట్టారు, ఇద్దరూ ఆమె భుజం మీదే చెయ్యి వేశారు. బుచ్చవ్వ మోచేతి మీద లేచి కూర్చుంది.

"గీ కత ముందుగాల్నే అడిగితె చెప్పక పోదునా. పొద్దటిసంది గింజ లేదు. నా కొడుకు నా మీద పాణమున్నదని నాలుగు నిమ్మకాయలు పిండె. మండక సల్లగుంటదా కడుపు!"

గోవర్ధన్ తల్లి పాదాల దగ్గర తల వాల్చి ఏడుస్తున్నాడు. బుచ్చవ్వ అతని వీపు మీద ఒకటి చరిచింది. "లే. అందరు సూస్తున్నరు. మైకుల లీడరువు." తర్వాత వనిత వైపు తిరిగింది. "నువ్వెందుకే పొల్లా ఇంకా వణుకుతున్నవ్? నాకేం గాలె గదా. మా బోరింగు నీళ్లే గదా నేను తాగింది?"

"అవునవ్వా."

"బోరింగు ఏసినప్పటిసంది గయ్యే తాగుతున్న. ఒక్క సీసకు గింతగనం బుగులువడ్తివి?"

వనిత తల దించుకుంది. గోవర్ధన్ తల ఎత్తాడు. లెక్కలు చూసే మనిషి, మాటను వదిలిపెట్టేవాడు కాదు.

"చెల్లె. ఇందాక మంచినీళ్లు కావంటివి. ఆసిడ్ సీస సంగతేనా అన్నది? రెండిటి సంగతి అన్నవా?"

రిపోర్టు చేతికి వచ్చేదాకా ఎవరితోనూ అనొద్దని సారు గట్టిగా చెప్పాడు. జూలైలో పట్టిన నీళ్ల కాగితం ఆయన సొరుగులోనే ఉంది. సంతకం పెట్టాల్సినవాళ్లు సమ్మెలో ఉన్నారు. వనిత ఆ కాగితం చూసింది. మూడో వరుసలో అంకె చూసి, తప్పు చూశానేమోనని వేలు పెట్టి మళ్లీ చదివింది. అప్పటినుంచి ఈ కాలనీలో ఎవరు బిందె ఎత్తుకుని కనబడినా చూపు తిప్పుకుంటోంది. ఈ పూట ఆసిడ్‌కు భయపడి ఏడ్చిన ఏడుపులో ఆ మూడు నెలల భయం కూడా ఉంది. అది ఇప్పుడు గొంతులోంచి వెనక్కు పోనంటోంది.

"రెండిటి సంగతన్నా" అంది. "మోరీల వోయే రంగుల మందు బూమిలకు దిగింది. బోరింగుల ఉండాల్సినదానికి మూడంతలున్నది. ఒక్కరోజు తాగితె ఏం గాదు. ఏండ్లకేండ్లు తాగితె లోపల్లోపల తింటది. గా ఒక్క సీస కోసం గాదు నేను ఏడ్సింది."

సత్యవ్వ చేతిలో ఉప్పునీళ్ల గ్లాసు ఇంకా అలాగే ఉంది. ఆమె దాన్ని చూసి, రంజన్ వైపు చూసి, గ్లాసును మెల్లగా నేల మీద పెట్టింది. చంటిపిల్లను చంకనెత్తుకున్న ఒకామె పిల్ల నోట్లోంచి స్టీలు చెంబు తీసేసింది. పిల్ల ఏడ్చింది.

బుచ్చవ్వ కొడుకునే చూస్తోంది. "నీకెరికనారా?"

"నాకేం ఎరికవ్వా, కాయిదాలు నాకెవ్వలు సూపిస్తరు?" అన్నాడు గోవర్ధన్. తర్వాత ఎవరూ అడగకుండానే అన్నాడు. "సేటు ఇంటికి మాత్రం నీళ్ల క్యాన్లు అస్తయి. రోజుకు రెండు. ఫోన్ చేసి తెప్పిచ్చేది నేనే." జేబులో ఫోన్ తడుముకుని, "ఎందుకని నేనెన్నడు అడగలె" అన్నాడు.

బుచ్చవ్వ లేచి నిలబడింది. సత్యవ్వ భుజం పట్టుకుని బోరింగు దాకా నడిచింది. ఖాళీ సీసా కడగమని వనితకు చెప్పి, తానే బోరింగు పిడి పట్టుకుని కొట్టింది. సీసా నిండింది. నీళ్లు ఎప్పటిలాగే తేటగా, చల్లగా ఉన్నాయి. శిబిరం రిజిస్టరుకు దారంతో కట్టిన పెన్సిల్ సత్యవ్వ తెంపి తెచ్చింది. ఈసారి వనిత పెన్సిల్‌తో రాసింది. వాగొడ్డు కాలనీ బోరింగు, తారీఖు, సమయం. పక్కన సాక్షి పేరు రాసే చోట బుచ్చవ్వ అని రాసి, ఆమె వేలిముద్ర కోసం చూస్తే, ఆమె తన వేలిని పసుపునీళ్ల గిన్నెలో ముంచి చీటీ మీద అద్దింది.

గోవర్ధన్ అక్కడ లేడు. వెతికితే టెంటు వెనక ఫోన్ చెవిన పెట్టుకుని అటు తిరిగి నిలబడి ఉన్నాడు. ఎవరితో మాట్లాడుతున్నాడో వినబడలేదు.

* * *

ఆటో వేములవాడ దాటింది. డబ్బా వనిత ఒళ్లో ఉంది. కింద పడ్డ ముక్కలేరి వేసిన రషీదాబీ ఐసు చల్లదనం డబ్బా గోడల్లోంచి మోకాళ్లకు తగులుతోంది.

"ఎవలకు చేసిండంటవ్ చాచా ఫోను?"

"అల్లాకే ఎరిక బిడ్డా. తల్లి దిక్కు మాట్లాడిండో, సేటు దిక్కు మాట్లాడిండో." గేరు మార్చి అన్నాడు. "అద్దమైతె కొత్తదేసిన. మల్ల వలగ్గొట్టకుంటె సాలు."

వెనక బండి చప్పుడైన ప్రతిసారీ వనిత డబ్బా మీదికి వంగింది. రెండు బళ్లు దాటిపోయాయి. మూడోది చాలాసేపు వెనకే వచ్చి ఏదో పల్లెలోకి మళ్లింది.

కథలాపూర్ దగ్గర పొద్దు కుంకుతుండగా ఆటోను ఆపారు. రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండి, కండువాలు వేసుకున్న ఆరేడుగురు మనుషులు. ఒకడు వంగి లోపలికి తొంగి చూశాడు.

"సిరిసిల్లకెల్లి నీళ్ల డబ్బ తెస్తున్న ఆటో గిదేనా?"

వనితకు ఇది సొంత మండలం. గంట నడిస్తే ఇల్లు. ఇక్కడ జరిగితే నాన్నకు ఎవరు చెబుతారు అనుకుంది. రెండు చేతులూ డబ్బా చుట్టూ వేసింది.

"ఏమున్నయి దాంట్ల?"

మంచినీళ్లు అనే మాట నాలుక దాకా వచ్చింది. అలవాటుగా వచ్చింది. మింగింది.

"చెడిపోయిన నీళ్లు" అంది. "పరీక్షకు తీస్కపోతున్న."

ఆ మనిషి వెనక్కు తిరిగి చెయ్యి ఊపాడు. "బండి జరుపుండ్రిరా. గోవర్ధనన్న ఫోన్ చేసింది గిదే. వాళ్లవ్వ తాగే నీళ్లట, నిమిషం సుత ఆపొద్దన్నడు."

ఎడ్లబండి పక్కకు జరిగింది. ఆటో కదిలాక కూడా వనిత చేతులు డబ్బా చుట్టూ అలాగే ఉన్నాయి. విప్పుదామంటే రాలేదు.

కోరుట్ల ఇళ్లు కనబడుతుండగా మక్బూల్ సీటు కిందినుంచి నీళ్ల సీసా తీసి వెనక్కి చాచాడు. "తాగు బిడ్డా. పొద్దటిసంది నువ్వు సుత ఉపాసమే."

వనిత సీసా అందుకుంది. గొంతు ఎండిపోయి ఉంది. మూత తీసింది. నోటిదాకా ఎత్తి ఆగింది. తేటగా ఉన్నాయి నీళ్లు.

"ఏడియి చాచా గీ నీళ్లు?"

మక్బూల్ అద్దంలోంచి సీసాను చూశాడు. ఆటో వేగం తగ్గింది.

"పొద్దుగాల సిరిసిల్లలనే నింపిన" అన్నాడు. "టెంటు కింది రంజన్లకెల్లి."